ఉప్పు మూట కాపడం వద్దు

వేణీ,

రొయ్యల చెరువు పట్టుబడికి వెళ్తున్నాను. బాబు మోకాలి వాపు రాత్రికంటే కాస్త తగ్గింది కానీ ఇంకా వెచ్చగానే ఉంది. కాలు కింద పెట్టనివ్వకు, దిండు మీదే ఉంచు. వరండాలో రొయ్యలవాళ్ళ థర్మాకోల్ పెట్టెలో ఐసు పెట్టాను. పెట్టె బాగా కడిగాను, వాసన లేదు. ఐసు తువ్వాల్లో చుట్టి కాసేపు పెట్టు, కాసేపు తియ్యి.

అమ్మ లేవగానే ఉప్పు మూట వేడి చేసి తెస్తుంది. కోప్పడకు. వాడి రక్తం తొందరగా గడ్డకట్టదు కదా, కాపడం పెడితే లోపల ఇంకా కారుతుందని నర్సమ్మగారు చెప్పిన మాట నెమ్మదిగా చెప్పు. వినకపోతే, "అత్తయ్యగారూ, మీ మోకాలూ నొప్పే కదండీ, అక్కడ పెట్టుకోండి" అను.

రక్తం గడ్డకట్టే మందు రెండో సూది ఇవాళే పడాలి. త్రిమూర్తులు ఆటో ఎనిమిదింటికి వస్తుంది. వాణ్ణి నడిపించకు, ఎత్తుకునే ఎక్కించు. నొప్పి అన్నాడని కొట్లో బిళ్ళ కొనకు, ఆస్పత్రిలో నర్సమ్మగారినే అడుగు.

పట్టుబడికి తీసుకెళ్ళమని ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. లేచి నా మీద అలిగితే, బతికున్న రొయ్యని బకెట్లో తెస్తానన్నానని చెప్పు.

నువ్వు రాత్రి అన్నం ముట్టలేదు. చద్దన్నంలో పెరుగు కలిపి మూత పెట్టాను. మాగాయ పక్కనే ఉంది. తిని బయల్దేరు.

మర్చిపోయాను. ఈ జబ్బు మీ పుట్టింటి నుంచే వచ్చిందని మా అక్క అన్నప్పట్నుంచీ నువ్వు వంటింట్లోకెళ్ళి ఏడుస్తున్నావు. వాడి నవ్వు కూడా అక్కణ్ణుంచే వచ్చిందని రాత్రి అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఇవాళ వద్దామనుకుంది, రానంది.