ఓడకు కిటికీ ఉంది

సామ్యేలూ, నీ గదిలో బొగ్గు వాసన ఇంకా ఎందుకు వస్తోంది, తమ్ముడూ? కరెంట్ పోయిన ఆ మంచు తుఫానులో కిటికీలకు టేపు వేసి, కుంపటి రాజేసుకుని పడుకున్నావు. ఆ బొగ్గుల విషపు గాలికి మళ్లీ లేవలేదు.

రేపు మిషిగన్‌కు అలాంటి తుఫానే వస్తోందట. నీళ్లు పట్టాను, దుప్పట్లు తీశాను. నీ గదిలో అద్దెకున్న స్టూడెంట్లు బొగ్గుల గ్రిల్‌ను లోపలికి తెచ్చుకుని, కిటికీలకు టేపు వేస్తున్నారు. వద్దని చెప్పి, మీకోసం ప్రార్థన చేస్తానన్నాను.

“చలికి చస్తాం అంకుల్! మీ ప్రేయర్‌తో హీటర్ నడుస్తదా?” అని ఒకడు నవ్వాడు.

“అంత జలప్రళయంలోనూ నోవహు ఓడకు కిటికీ పెట్టించాడురా దేవుడు! మీరు అదీ మూసేస్తారా?”

వాడు టేపు చింపుతూనే ఉన్నాడు, అచ్చం నీలాగే, పళ్లతో. గుమ్మంలో నిలబడి, ఆ రాత్రి నీకు చెప్పని మాట అరిచాను: “ఆ బొగ్గులు బయట పారేయండి! రేపు కాదు, ఇవాళే, ఇప్పుడే!”