పక్క సీటు ముందు తడి

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ పాత స్పోర్ట్స్ కారు నేనే నడుపుతున్నాను. ఇంజన్ వేడెక్కకుండా పోసే ఆకుపచ్చ కూలెంట్ పోసింది పోసినట్టే తగ్గిపోతోంది, నేల మీద మాత్రం చుక్క కనబడదు. ఈరోజు రేణిగుంట షెడ్డులో మెకానిక్ పక్క సీటు ముందున్న మ్యాట్ ఎత్తాడు. అడుగంతా ఆకుపచ్చ తడి.

“డ్యాష్‌బోర్డు లోపల హీటర్‌లోకి పొయ్యే కూలెంటు కారతా ఉండాదిమ్మా. మన ఎండలకి దాన్ని ఎవురు తలుచుకుంటారు? శానా దినాలుగా లోపలికే కారతా ఉండాది” అన్నాడు.

కాణిపాకం వెళ్లినప్పుడల్లా ఆ సీట్లో నా కాళ్లు తడిసేవి. నీళ్ల బాటిల్‌కి మూత పెట్టడం కూడా రాదా అని నిన్నే తిట్టేదాన్ని. నువ్వు తువ్వాలు అందించేవాడివి.

కూలెంట్ డబ్బా పెడదామని డిక్కీ తెరిస్తే నీ బాటిల్ అక్కడే ఉంది. మూత చుట్టూ ఆ తువ్వాలు పీలిక, చుక్క కారకుండా, గట్టిగా బిగించి కట్టి ఉంది.