చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి!

సోమవారం, పొద్దున్నే
కొత్త బ్యాచ్ మొదలు! చొక్కా కుట్టడం నేర్పే నా ఆన్‌లైన్ కోర్సులో, పోయినసారి కాలర్ పాఠం వచ్చేసరికి సగం మంది మాయం. ఎందుకని ఒకావిడను అడిగితే, "వీడియోల్లో మీ చేతులు కనిపిస్తాయండీ, మీరే కనిపించరు" అంది. ఈసారీ ఇంతే అయితే కోర్సు ఎత్తేస్తామని, దాన్ని నడిపే కంపెనీవాళ్లు మర్యాదగానే చెప్పారు.
అందుకే ఒట్టు! గ్రూపులో ఎవరేం పంపినా అదే రోజు, నా గొంతుతో, పేరు పెట్టి పిలిచి జవాబిస్తాను.

మంగళవారం
అందరికీ ఇచ్చాను! గొంతు బొంగురుపోయింది. అయినా ఎంత హాయిగా ఉందో! రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నారు, అందరూ డ్రైవర్ బాబాయ్ అంటున్నారు. మనవరాలు బడికి వెళ్లే మొదటి రోజు తను కుట్టిన చొక్కాయే వేసుకోవాలట. "కుట్టు అన్ని వంకర్లు పోయిందేం బాబాయ్ గారూ?" అని అడిగాను.
"అలవాటమ్మా. గుంతలు తప్పించాను."

గురువారం
నిన్న రాయలేదు. గొంతు లేదు. జవాబులు టైపు చేశాను. వేళ్లు నావే కదా!

శనివారం
పేర్లు మానేశాను. "బాగుందండీ" అంటే చాలు. ఆ "అండీ"లో అందరూ ఇమిడిపోతారు.

ఆదివారం
సెలవు. టీచర్లూ మనుషులే.

బుధవారం
మా మరిది వచ్చాడు. ఫోను పట్టుకుని నిట్టూరుస్తున్న నన్ను చూసి జాలిపడ్డాడు.
"ఎందుకొదినా ఈ యాతన? జవాబు దానంతటదే వెళ్లేలా పెడతాను. మాట మాత్రం నువ్వే చెప్పు."
చాలాసేపు ఆలోచించి చెప్పాను: "చాలా బాగుంది! ఇలాగే కొనసాగించండి!"
మాట నాదే. కాబట్టి ఒట్టు తప్పినట్టు కాదు.

శుక్రవారం
కంటినిండా నిద్ర. మరిది బంగారం!

సోమవారం, మధ్యాహ్నం
కొంప మునిగింది! గ్రూపులో డ్రైవర్ బాబాయ్ రాశారు: "కాలర్ మూడుసార్లు ఊడింది. సూది వేలిలో దిగింది. నావల్ల కాదమ్మా, మిషను అమ్మేస్తున్నాను."
దాని కింద, నవ్వుతున్న నా ఫొటో పక్కన: "చాలా బాగుంది! ఇలాగే కొనసాగించండి!"
దాని కింద ఆయన: "సరేనమ్మా."
అది గ్రూపంతా చూసేసింది. నవ్వినా బాగుండేది.

సాయంత్రం
మరిదిని చెడామడా తిట్టాను.
"మాట నువ్వే చెప్పావు కదా వదినా!"
నిజమే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఏర్పాటు తీయించేశాను. మొదటిసారి కెమెరా నా మొహం వైపు తిప్పి, తల కూడా దువ్వుకోకుండా కూర్చున్నాను. "బాబాయ్ గారూ, నేను మీ మెసేజ్ చదవనే లేదు. తప్పు నాది. వేలెలా ఉంది? మిషను అమ్మకండి, కాలర్ ఇద్దరం కలిసి కుడదాం" అంటూ అక్కడే కుట్టి చూపించాను. కంగారులో కాలర్ తలకిందులైంది! పన్నెండేళ్ల సర్వీసు నాది. ఆ వీడియో అలాగే పంపేశాను.

మంగళవారం, పొద్దున్నే
డ్రైవర్ బాబాయ్ ఫొటో పంపారు. కట్టు కట్టిన వేలు, దాని పక్కనే మిషను. అమ్మలేదు! నా తలకిందుల కాలర్‌కి ఆయన జవాబు కూడా ఉంది.
"చాలా బాగుంది! ఇలాగే కొనసాగించండి!"
నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.
ఒట్టు మళ్లీ మొదటినుంచి. పేరు పెట్టి, నా గొంతుతో, ఏ రోజుది ఆ రోజే. ముందు వేడినీళ్లు పుక్కిలించి వస్తాను.