పదకొండు శుక్రవారాల టేపులు

బావగారికి నమస్కారం.

మీ కంప్యూటర్ డిస్కులో రెండు పార్టిషన్లు, అంటే రెండు గదులు, చేశాను. పెద్దదాంట్లో కంప్యూటర్‌ని నడిపే లినక్సు, చిన్నదాంట్లో మీ పుస్తకం. ముప్పై ఏళ్ల పశువైద్యం, మూడు నెలల్లో ప్రెస్సుకి వెళ్ళాలి. డిస్కు పోతే రెండూ పోతాయి కాబట్టి ప్రతి శుక్రవారం పుస్తకం ఫోల్డరు నకలు టేపుకెక్కించి, ఆ టేపును ఆసుపత్రి బీరువాలో పెట్టండి. గంట పడుతుంది.

మీ బావమరిది

తా.క. సూది వేయించుకునే ఆవుకున్నంత ఓపిక చాలు.

బావమరిదికి ఆశీస్సులు.

ఆవుల ఫొటోలతో చిన్న పార్టిషన్ నిండిపోయింది. పక్కది సగం ఖాళీ. అందుకని ఫోల్డరును అటు మార్చి, పాత చోట దానికి దారి చూపే లింకు పెట్టాను. నొక్కగానే పుస్తకం తెరుచుకుంటోంది. ఈ శుక్రవారం టేపుకెక్కించడం కూడా మొదలుపెట్టాను, రెండే నిమిషాలు.

మీ బావ

తా.క. గంట నీకు పడుతుందేమో. నాది హస్తవాసి.

బావగారికి,

రెండు నిమిషాలంటే నాకు భయంగా ఉంది. టేపులోంచి ఒక్క అధ్యాయమైనా వెనక్కి తీసి చదివి చూడండి.

మీ బావమరిది

తా.క. ఆవుకి మందు రాసిచ్చి, తాగించారో లేదో అడగరా మీరు?

ఒరేయ్ బావమరిదీ,

నువ్వు చదివి చూడమంటే ఉడుక్కుని ఊరుకున్నాను. నిన్న డిస్కు పోయింది. పదకొండు టేపులూ తీసి చూశాను. దేంట్లోనూ పుస్తకం లేదు, నేను పెట్టిన లింకు మాత్రం ఉంది. అది పోయిన డిస్కుకే దారి చూపిస్తోంది. ముప్పై ఏళ్లూ నా చేతులతో నేనే పారేసుకున్నానురా. అన్నం సహించడం లేదు.

మీ బావ

తా.క. మీ అక్కకి తెలియనివ్వకు.

తమ్ముడూ,

పై ఉత్తరం పోస్టులో వేయమని మీ బావ నాకే ఇచ్చారు. చదవకుండా ఎలా వేస్తాను?

రెండు నిమిషాల్లో అంత పుస్తకం ఎక్కడం ఏమిటని మొదటి శుక్రవారమే అనుమానం వచ్చింది. ఆయన ఆసుపత్రికి వెళ్ళగానే అసలు ఫోల్డరు వెతికి, వారం వారం వేరే టేపుకెక్కించాను. వెనక్కి తీసి చదివాను కూడా. టైపు చేసింది మొత్తం నేను. ముందుమాటలో ఆయన్ని తన్నిన ఎద్దుకి కూడా కృతజ్ఞతలున్నాయి, నాకు లేవు. అట్ట మీద నా పేరు వేస్తానని రాసిచ్చేదాకా టేపు ఇవ్వకూడదనుకున్నాను. కానీ కంచం ముందు ఆయన మొహం చూసి ఉండబట్టలేక పొద్దున్నే చేతిలో పెట్టేశాను. నేనేమీ అడగలేదు. సాయంత్రానికి ఆయనే అట్ట మీద పేర్లు రాసి చూపించారు. నా పేరు ముందుంది.

మీ అక్క

తా.క. నీ కంప్యూటర్ టేపులు ఎక్కడ దాస్తున్నారని మరదల్ని అడిగాను. ఏం టేపులు వదినా అంది.