శీను కేసు వినని జడ్జమ్మ

మంగళవారం, బోథ్ కోర్టు నుంచి వచ్చాక

మా శీనును చేను గట్టు మీద కొట్టి చంపినవాడిని ఈరోజు కోర్టుకు తెచ్చారు. నా కొడుకు ఎట్లాంటివాడో జడ్జికి చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ పోయాను. జడ్జి చిన్న పిల్ల, మా శీను ఈడుది. నేను లేచి మొదలుపెట్టగానే ఆపింది.

“అమ్మా, ఈ కేసు విచారించేది నేను కాదు. ఆదిలాబాద్ కోర్టుకు పంపుతున్నాను. అక్కడ చెప్పండి.”

బయట సర్కారు వకీలును అడిగాను. “ఏం సారూ, గా పిల్ల సదువు సాలదా?”

“ఎందుకు సాలదవ్వా? లా సదివింది, మూడేండ్లు వకీలు పని జేసింది, పెద్ద పరీక్ష పాసైంది. గని ఖూనీ కేసు పై కోర్టుది. మూడేండ్లకు మించి జైలుకు పంపే అధికారం గామెకు లేదు.”

“ఇంకో పదేండ్లు వకీలు పని జేసి వస్తే పంపుతదా?”

“అయ్యో, గామె వకీలు పని జేసిన మూడేండ్లు వేరే, జైలు మూడేండ్లు వేరే!” అని నవ్వాడు. “జర ఓపిక పట్టు.”

నాకేమీ అర్థం కాలేదు. శిక్ష వేయకపోతే వేయకపోనీ, వినడానికి ఏమైంది? ఆ పిల్ల నా ముఖం చూసి మాట్లాడింది. పై జడ్జి చూస్తారో లేదో. అక్కడ నేను తప్పు మాట్లాడితే వాడు బయటపడతాడేమో.

ఇంటికొచ్చి, అక్కడ చెప్పాల్సిన మాటలు మళ్ళీ మొదటి నుంచి కూర్చుకుందామని కూర్చున్నాను. ఆదిలాబాద్ జడ్జి ఆడో మగో తెలియదు. సారూ అనాలో, అమ్మా అనాలో తేలక, అక్కడే ఆగిపోయాను.