గోడ మీది పానా

అన్నా,

నువ్వు కరోనాతో పోయి నేటికి ఏడాది. బమ్రోలిలో మన మగ్గాల కార్ఖానాను వదిన నిలబెట్టింది, అమ్మేద్దామన్న మాట ఇక లేదు.

పానాలన్నీ నీ జేబులోనే ఉండేవి. ఏ మగ్గం చెడినా నువ్వొచ్చేదాకా అది ఆగిపోయి ఉండేది. ఇప్పుడు వదిన గోడ మీద ప్రతి పానా ఆకారం గీయించింది. వాడినవాళ్లు మళ్లీ ఆ గీతలోనే తగిలించాలి. వెతుకులాట పోయింది, బట్ట సమయానికి వెళ్తోంది.

ఈ మధ్యాహ్నం వదిన తింటుండగా ఒక మగ్గం ఆగింది. నీలాగే ఎంగిలి చేత్తో లేవబోయింది.

"నువ్వు తిను వదినా, పానా ఈడనే ఉన్నది. నేను జూస్కుంట," అన్నాడు మగ్గం నడిపే మల్లేశం.

వదిన మళ్లీ కూర్చుంది. డబ్బా ఖాళీ చేసి కడిగింది. నీ డబ్బా ఎప్పుడూ సగం అన్నంతోనే ఇంటికొచ్చేది.