నా వాటా ఖుబానీ చెట్టు

అన్నయ్య నియత్ షాకు,

చెల్లెలి సలాం.

పొలం నీకూ, అందులోని ఒక ఖుబానీ చెట్టు నాకూ ఇచ్చాడు నాన్న. చెట్టు బతికున్నంత వరకే మన హున్జా లోయలో ఆడపిల్ల హక్కు. ఆ చెట్టు చలికి చచ్చిందని కబురు పంపావు. నిన్న వెళ్లి చూశాను. పక్క చెట్లన్నీ పూతకొచ్చాయి. చలికాలం ముందు నా చెట్టుకొక్కదానికే నువ్వు నీళ్లు పెట్టలేదు. పాదు ఎండితే మంచుకు ఏ చెట్టూ ఆగదని నీకు తెలియదా?

"ఏటా బుట్టలు మోసుకుపోయావుగా, ఈ ఏడు చేతులూపుకుంటూ వెళ్లమ్మా" అని వదిన నవ్వింది.

కానీ అంటు కట్టిన చోటుకి కింద, వేరు నుంచి ఒక చిగురు లేచింది. ఊరి పెద్దను పిలిచి చూపించాను. చెట్టు బతికే ఉందన్నాడు. అంటు కట్టింది అడవి వేరు మీద గనుక ఇక కాయ పులుపు, గింజలో పప్పు చేదు. అయినా నాదే. పొలానికి కాలవ నీళ్ల వంతు వచ్చిన రోజున నేనే వచ్చి తడుపుకుంటాను. అడ్డు రాకు.

నీ చెల్లెలు